వైద్యదోషమూ, బాధితుని ధర్మమూ

మనుష్యుడు తన దేహాన్ని పరులకు పూర్తిగా అప్పగించే సందర్భాలు జీవితంలో బహు స్వల్పం. వైద్యుని యెదుట పడుకోవడం అందులో ఒకటి. మత్తుమందు ఇచ్చిన తరువాత రోగి చూడలేడు, అడగలేడు, వద్దనలేడు. అందువల్ల రోగి వైద్యునిపై ఉంచే నమ్మకాన్ని మన పెద్దలు చెప్పిన నిక్షేపంతో పోల్చవచ్చును. నిక్షేపమనగా దాచమని నమ్మి ఇచ్చిన సొమ్ము. ఆ సొమ్మును దొంగలు దోచుకుపోతే దాచినవాని తప్పు లేదు. తలుపులు బార్లా తీసి అతడే నిద్రపోతే మాత్రం మాట వేరు. వైద్యంలో దురదృష్టానికీ దోషానికీ గల భేదం ఇంతే. ఈ భేదాన్ని తేల్చవలసినది ఎవరు, ఏ విధంగా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మెట్‌పల్లి ప్రాంతంలో జబ్బు పడినవాడు మొదట పోయేది ఊరిలోని ఆర్.ఎం.పి. దగ్గరకు. అతడు సూది వేస్తాడు, గ్లూకోజు ఎక్కిస్తాడు. తగ్గకపోతే మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో తనకు తెలిసిన నర్సింగ్ హోముకు పంపుతాడు. అక్కడా తగ్గకపోతే జగిత్యాల, కరీంనగర్, లేదా ఆర్మూరు మీదుగా నిజామాబాద్, చివరకు హైదరాబాద్. ఇంటి యజమాని తరచుగా దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టేది భార్యో, ముసలి తండ్రో. పసుపు అమ్మిన సొమ్మూ, బీడీలు చుట్టిన సొమ్మూ కూడబెట్టి బిల్లు కడతారు. ఇంత జరిగి ప్రాణం పోయినప్పుడు, ఏ మెట్టు వద్ద దోషం జరిగినదో చెప్పగల కాగితం ఒక్కటైనా ఆ ఇంట మిగలదు.

అప్పుడు ఊరిలో వినిపించే మాటలు మూడు. నుదుటి వ్రాత అనేది మొదటిది. ఆయన దేవుని వంటివాడు, ఆయన మీద కేసా అనేది రెండవది. రేపు మళ్ళీ ఆయన దగ్గరకే పోవలె గదా అనేది మూడవది.

నుదుటి వ్రాత అన్నది శోకంలో ఉన్నవారికి ఒక ఓదార్పు. దానిని ఎగతాళి చేయనక్కరలేదు. కాని శకునాలకూ ముహూర్తాలకూ తలవంచని బసవాది శరణుల వారసులమని చెప్పుకునే కుటుంబాలు, కాలం చెల్లిన మందుకూ, శుద్ధి చేయని కత్తికీ నుదుటి వ్రాతను బాధ్యునిగా చేయడం ఆ శరణుల మాటకు పొసగదు. రెండవ మాటకు సమాధానం కాయకమనే భావంలోనే ఉన్నది. కళ్యాణపు శరణులలో వైద్య సంగణ్ణ అనే వైద్యుడొకడు ఉండెను. చెప్పులు కుట్టిన హరళయ్యతోనూ, పడవ నడిపిన అంబిగర చౌడయ్యతోనూ సమానంగా ఆయన కూర్చుండెను. వైద్యం దైవత్వమని పై పీఠం వేయలేదు. కాయకం పూజ అయినప్పుడు, పూజలో అలక్ష్యం చేసినవానిని ప్రశ్నించడం అపచారం కానేరదు. కుమ్మరి పగిలిన కుండ ఇస్తే మార్చమని అడిగే ఊరు, వైద్యుడు చెడిన చేయి ఇస్తే ఊరుకోవడం గౌరవం వల్ల కాదు, భయం వల్ల.

ఆ భయమే మూడవ మాట. నిజమైన చిక్కు ఇదే, దీనిని తేలికగా కొట్టివేయరాదు. పట్నంలో ఒక ఆసుపత్రి మీద కేసు వేసినవాడు పక్క వీధిలోని మరొక ఆసుపత్రికి పోగలడు. పల్లెలో అర్ధరాత్రి ద్విచక్ర వాహనం మీద వచ్చేవాడు ఆ ఆర్.ఎం.పి. ఒక్కడే. అతడు దూరపు చుట్టం కావచ్చును, కొడుకుతో చదివినవాడు కావచ్చును. అతనిని కోర్టుకు ఈడ్చడమంటే ఊరికి ఉన్న ఒక్క దిక్కునూ పోగొట్టడమని ఊరివారే బాధితుని నిందిస్తారు. ఈ నిందలో కొంత న్యాయం లేకపోలేదు. కాని దానిలో ఒక లెక్క తప్పుతున్నది. ఈ వేళ మౌనం వహించినందువల్ల దక్కిన దిక్కు, రేపు మరొక ఇంటికి అదే మోతాదు సూదితో పోతుంది. తన నష్టాన్ని క్షమించే హక్కు బాధితునికి ఉన్నది; రేపటి రోగి నష్టాన్ని ముందుగానే క్షమించే హక్కు అతనికి ఎవరిచ్చారు? పైగా ఏమి జరిగినదో తెలియకముందే క్షమించడం సాధ్యమూ కాదు.

మౌనానికి మారుగా పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ మరొక పద్ధతి స్థిరపడినది. శవాన్ని ఆసుపత్రి ముందు ఉంచి బైఠాయిస్తారు. అద్దాలు పగులుతాయి. నాయకులు వస్తారు, కులపెద్దలు వస్తారు. లోపలి గదిలో మాటలు సాగుతాయి. సాయంత్రానికి ఒక మొత్తం కుదురుతుంది. ఇకపై ఎటువంటి ఫిర్యాదు లేదని కాగితం వ్రాయించుకుంటారు. ఆ మొత్తంలో ఎంత ఇంటికి చేరినదో, ఎంత మధ్యలో ఆగినదో ఎవరూ అడగరు. చీకటి పడకముందే అంత్యక్రియలు ముగుస్తాయి. దీనికి సెటిల్‌మెంట్ అని పేరు.

ఆ మొత్తం తీసుకున్న బీద కుటుంబాన్ని తప్పుపట్టడం సులభమే గాని న్యాయం కాదు; అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడు ఎవరైనా తీసుకుంటారు. తప్పు ఆ బేరపు స్వభావంలో ఉన్నది. వైద్యుడు నిర్దోషి అయితే గుంపుకు భయపడి దండుగ కట్టినవాడవుతాడు. దోషి అయితే తన దోషానికి వెల కట్టి కొనుక్కున్నవాడవుతాడు. రెండు విధాలా సత్యం బయటికి రాదు. అదీ గాక 2008 నాటి చట్టం ఒకటి తెలంగాణలోనూ అమలులో ఉన్నది. దాని ప్రకారం వైద్య సిబ్బందిపై దాడికీ, ఆసుపత్రి ఆస్తి ధ్వంసానికీ మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. చేసిన నష్టానికి రెట్టింపు కట్టవలసి వస్తుంది. న్యాయం కోరి వచ్చినవాడు ఒక్క రాయి విసిరి ముద్దాయిగా మారతాడు.

సెటిల్‌మెంటులో అన్నిటికంటె ముందుగా పోయేది పోస్టుమార్టం. మరణానికి కారణం చెప్పగలిగిన సాక్షి ఆ దేహమొక్కటే. వీరశైవ కుటుంబాలలో ఇక్కడ అదనపు సంకోచం ఉన్నది. లింగధారి దేహాన్ని కోయించడమా అని పెద్దలు వెనుకాడతారు. ఆసీన భంగిమలో త్వరగా సమాధి చేయాలని తొందరపడతారు. ఈ సంకోచం పవిత్రమైనదే. అయితే అదే దేహంపై బ్రతికి ఉండగా శస్త్రచికిత్స జరిపించడానికి ఆ కుటుంబం అంగీకరించినది గదా. ఇష్టలింగాన్ని ఏ విధంగా ఉంచాలి, తరువాత ఏ క్రియ జరపాలి అన్నది మఠగురువు ఒక్క మాటతో తేల్చగల విషయం. ఆ గడియలో ఆ ఒక్క మాట చెప్పడానికి మఠం అందుబాటులో ఉండడం ఎంతో మేలు. పోలీసులకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే శవపంచనామా జరిపి ప్రభుత్వ వైద్యుల చేత పరీక్ష చేయిస్తారు. సమాధి చేసిన తరువాత సైతం మేజిస్ట్రేటు ఉత్తర్వుతో దేహాన్ని వెలికితీసి పరీక్షించే వీలు చట్టంలో ఉన్నది. కాని ఆ దృశ్యం ఏ కుటుంబమూ కోరదగినది కాదు.

కాగితాల సంగతి కూడా ఇటువంటిదే. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను వైద్యుడు మూడేళ్లు భద్రపరచాలి. రోగి గాని అతని పక్షాన అధికారం గలవారు గాని అడిగితే 72 గంటలలో నకలు ఇవ్వాలి. నోటితో అడిగితే రేపు రమ్మంటారు. వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవలె. నిరాకరిస్తే స్పీడు పోస్టులో పంపవలె. మందుల చీటీలు, డిశ్చార్జి కార్డు, రక్తపరీక్షల కాగితాలు, బిల్లులు ఒక సంచిలో ఉంచడం చదువురాని తల్లికీ సాధ్యమే.

ఇక కోర్టుల విషయం. పల్లె ప్రజలకు ఎక్కువగా ఉపకరించే ద్వారం వినియోగదారుల కమిషన్. వైద్యసేవ 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబరు 13న, భారత వైద్య సంఘానికీ వి.పి. శాంతకూ మధ్య నడిచిన కేసులో తేల్చినది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టం క్రింద కూడా అదే స్థితి కొనసాగుతున్నది. న్యాయవాదుల సేవ మాత్రం ఈ చట్టం క్రిందికి రాదని అదే కోర్టు 2024 మేలో చెప్పినది. వైద్యులు ఈ తేడాను చూసి నొచ్చుకుంటే వారిని తప్పుపట్టలేము.

కొత్త చట్టంలో పల్లెవారికి మేలు చేసే అంశాలు కొన్ని ఉన్నవి. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, బాధితుడు తాను నివసించే జిల్లాకు చెందిన కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. మెట్‌పల్లి 2016 అక్టోబరు నుంచి జగిత్యాల జిల్లాలో ఉన్నప్పటికీ ఇక్కడివారు పోవలసినది కరీంనగర్ కమిషన్‌కు. ఏ కమిషన్‌కు వెళ్ళాలన్నది కోరే పరిహారాన్ని బట్టి గాక, ఆసుపత్రికి కట్టిన సొమ్మును బట్టి నిర్ణయమవుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటనంతవరకు దాఖలు రుసుము లేదు. నలభై వేలు కట్టి కాలు పోగొట్టుకున్నవాడు పైసా రుసుము లేకుండా ఇరవై లక్షలు అడగవచ్చును. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఆన్‌లైనులోనూ దాఖలు చేయవచ్చును గనుక గల్ఫ్‌లో ఉన్న భర్త సెలవు దొరికేవరకు ఆగనక్కరలేదు.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒక వైద్యునికి వ్యతిరేకంగా మరొక వైద్యుడు చెప్పడు గదా అంటారు. దీనికి హైదరాబాద్‌లో జరిగిన ఒక కేసు సమాధానమిస్తుంది. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి ఒకరు 2002 జూలైలో చలిజ్వరంతో ఉన్న తన భార్యను నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేర్చిరి. అక్కడ టైఫాయిడ్‌కు చికిత్స చేసిరి. పరిస్థితి విషమించగా మరొక ఆసుపత్రికి మార్చిరి, ఆమె మరణించెను. మలేరియాతో ఊరూరా పోరాడే శాఖలోని మనిషి ఇంటిలోనే ఇది జరిగినది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మన్నది. నిపుణుడైన వైద్యుని సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దానిని కొట్టివేసినది, జాతీయ కమిషన్ సరేనన్నది. సుప్రీంకోర్టు 2010 మార్చి 8న జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం అవసరం లేదని, దోషం పైకే కనిపిస్తున్నచోట సామాన్య విచారణ చాలునని చెప్పినది. ఎనిమిదేళ్లు పట్టినది. ఈ ఆలస్యాన్ని దాచి ఆశ చూపడం బాధితులకు చేసే మరొక అన్యాయం.

మరొకటి ఇంతకంటె పెద్ద కేసు. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థి ప్రశాంత్ ధనంక హైదరాబాద్‌లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో ఛాతీలోని గడ్డకు శస్త్రచికిత్స చేయించుకొనెను. గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షించడానికి తాను అనుమతి ఇవ్వగా, గడ్డనే తొలగించిరి. నాడీ శస్త్రవైద్యుని సహాయం తీసుకొనలేదు. నడుము క్రింది భాగం చచ్చుబడినది. 2009 మే 14న సుప్రీంకోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచినది. ఆయన చక్రాల కుర్చీలో ఉండి తన కేసును తానే వాదించుకొనెను. పందొమ్మిదేళ్లు గడిచినా ఆయన వాదనలో ద్వేషం లేదు, వివరం ఉన్నది. వేలిముద్ర వేయించుకొని కాగితాలు కుట్టివేసే ప్రతి ఆసుపత్రికీ ఈ తీర్పు ఒక హెచ్చరిక. ఒకదానికి ఇచ్చిన అనుమతి మరొకదానికి చెల్లదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందినవారి మాట ఏమిటి? అందరికీ ఉచితంగా చేసేచోట వినియోగదారుల చట్టం వర్తించదని 1995 తీర్పే చెప్పినది. కొందరు డబ్బు కట్టి, కొందరు ఉచితంగా పొందే ఆసుపత్రి అయితే ఇద్దరికీ వర్తిస్తుంది. ఆరోగ్యశ్రీలో రోగి కట్టకపోయినా ప్రభుత్వం ఆసుపత్రికి కడుతుంది గనుక అది ఉచితసేవ కాదని వాదించడానికి బలమైన ఆధారం ఉన్నది. పూర్తిగా ఉచితమైనచోట సివిలు కోర్టు ఉన్నది. హర్యానాలో కూలిపని చేసుకునే సంత్రా అనే స్త్రీకి 1988లో ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, ఇక సంతానం కలగదని చెప్పి పంపిరి. ఒక వైపు నాళాన్ని మాత్రమే కట్టినందున ఆమెకు మళ్ళీ బిడ్డ పుట్టెను. ఆమె సివిలు కోర్టుకు వెళ్ళెను. 54 వేల రూపాయల తీర్పును సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో ఖాయం చేసి, వైద్యుని అలక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలన్నది. సొమ్ము చిన్నదే. కాని ప్రభుత్వం ఉచితంగా చేసినది గనుక అడగరాదన్న మాట ఆ నాటితో చెల్లకపోయినది.

తెలంగాణలో ఈ మాటను మళ్ళీ గుర్తుచేసిన ఘటన ఇబ్రహీంపట్నంలో జరిగినది. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే దినం 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసిరి. వారిలో నలుగురు కొద్ది దినాలలోనే మరణించిరి. ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి 5 లక్షలు ప్రకటించి, విచారణ జరిపించి, బాధ్యులపై చర్యలు తీసుకున్నది. ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో ఆపివేయాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించి ఉన్నదన్న సంగతి ఆ మరణాల తరువాత ఎందరికి గుర్తు వచ్చినదో!

ఆర్.ఎం.పి. విషయంలో చట్టం మరింత కఠినంగా ఉన్నది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేసినవానికి ఏడాది వరకు జైలు గాని, 5 లక్షల వరకు జుర్మానా గాని, రెండూ గాని విధించవచ్చును. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ అలక్ష్యం వల్ల మరణం కలిగిస్తే ఐదేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. నమోదైన వైద్యుడు చికిత్స చేస్తూ కలిగించినదైతే రెండేళ్ల వరకు. ఆర్.ఎం.పి. అన్న మూడక్షరాలు ఇంగ్లీషులో నమోదైన వైద్యుడని అర్థం ఇచ్చినా, వైద్య మండలి పట్టికలో పేరు లేనివానికి ఆ తగ్గింపు లేదు. ఒక పద్ధతి చదివి మరొక పద్ధతి మందులు ఇచ్చేవారికి కూడా ఇది వర్తించే మాటే. అల్లోపతి మందులు ఇచ్చిన హోమియో వైద్యుని విషయంలో, చదవని పద్ధతిలో వైద్యం చేయడమే అలక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పి, మరణించినవాని భార్యకు 3 లక్షలు ఇప్పించినది.

అయినా ఆర్.ఎం.పి.లను జైళ్లలో నింపితే పల్లె ఆరోగ్యం బాగుపడుతుందనుకోవడం భ్రమ. అర్ధరాత్రి తలుపు తీసే వైద్యుడు లేనందువల్లనే అతడు పుట్టెను. ప్రథమ చికిత్స చేసి వెంటనే పెద్దాసుపత్రికి పంపిన ఆర్.ఎం.పి.నీ, స్టెరాయిడ్లు ఎక్కించి మూడు దినాలు తన దగ్గరే ఉంచుకున్నవానినీ ఊరి మనస్సాక్షి ఒకే తక్కెడలో తూచరాదు.

వైద్యుని పక్షం కూడా చూడవలె. లుధియానాలో ఒక ఆసుపత్రిలో ఊపిరాడని రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉండెను, రోగి మరణించెను. వైద్యులపై పెట్టిన క్రిమినల్ కేసును సుప్రీంకోర్టు 2005 ఆగస్టు 5న కొట్టివేసినది. నేరమనాలంటే ఘోరమైన అలక్ష్యం కనబడాలనీ, కేసు నడిపే ముందు పోలీసులు స్వతంత్రుడైన వైద్యుని, వీలైతే ప్రభుత్వ వైద్యుని, అభిప్రాయం తీసుకోవాలనీ, వైద్యుని మామూలుగా అరెస్టు చేయరాదనీ చెప్పినది. సివిలు బాధ్యత మాత్రం వేరుగా ఉంటుందన్నది. మొదట కోపంగా తోచినా ఈ తీర్పులో వివేకం ఉన్నది. ప్రతి మరణానికీ సంకెళ్లు సిద్ధంగా ఉంటే, కష్టమైన కాన్పును ఏ వైద్యురాలూ మెట్‌పల్లిలో ముట్టదు. అంబులెన్సులోనే తల్లి ప్రాణం పోతుంది. శిక్ష కోరడం వేరు, సత్యం తేల్చి నష్టం పూడ్చమనడం వేరు. ఎక్కువ సందర్భాలలో బాధితునికి కావలసినది రెండవదే. వైద్యుని అర్హత మీద చర్య కోరేవారు హైదరాబాద్‌లోని రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును గాని, అక్కడ పరిహారం దొరకదు.

రాజీయే కావాలనుకునేవారికి ఆసుపత్రి వెనుక గది ఒక్కటే దిక్కు కాదు. న్యాయసేవాధికార చట్టం క్రింద ఏర్పడిన శాశ్వత లోక్ అదాలత్ ఆసుపత్రి సేవలపై వివాదాలను కోటి రూపాయల వరకు విచారించగలదు. మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే తానే తీర్పు చెబుతుంది. మధ్యవర్తికి వాటా ఉండదు, జరిగినది కాగితం మీద నిలుస్తుంది. స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల తెగల వారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందించే కమిటీలు కోర్టు ఆవరణల్లోనే ఉన్నవి. జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నందున, స్వతంత్రమైన వైద్యాభిప్రాయం కోసం చూడదగిన చోటు కూడా దగ్గరకు వచ్చినది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చును గాని, మన్నిస్తారన్న హామీ లేదు. ఆ రెండేళ్లు సంవత్సరీకం ముగిసిన నాటి నుంచి గాని, గల్ఫ్ నుంచి భర్త తిరిగి వచ్చిన నాటి నుంచి గాని మొదలు కావు. సాధారణంగా హాని జరిగిన దినం నుంచే, ఇంటిలో ఇంకా ఎవరూ అన్నం ముట్టని ఆ దినం నుంచే, లెక్కకు వస్తాయి.